ఉక్క వేరు, సెగ వేరు

మేము తయారుచేసిన మొదటి మ్యాప్‌లో దర్జీ అక్క ఇల్లు నీలం రంగులో ఉంది. నీలమంటే చల్లటి చోటని మ్యాప్ అంచున రాసి ఉంది. ఆ అక్షరాలు రాసింది నేనే. అక్క కాగితం మీదకు వంగి, తన సందు ఎక్కడుందో వెతుక్కుంటూ వచ్చి, ఇంటి మీద వేలు ఆపింది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మా పరిశోధకుడి వైపు తిరిగి, "సార్, మధ్యాహ్నం పన్నెండు దాటాక మా రేకుల కింద ఒక్క గంట కూర్చోండి. అప్పుడు ఇది ఏ రంగో మీరే చెప్పండి" అంది. కోపంతో అన్న మాట కాదు, నిజంగానే రమ్మని పిలిచింది.

మేము వెళ్లాం. మా పని అసలు మొదలైంది ఆ రోజే.

నేను బొమ్మలు గీస్తాను, పోస్టర్లకూ పుస్తకాలకూ అక్షరాలు రాస్తాను. నగరంలో వేడితో ఎలా బతకాలన్న విషయం మీద రకరకాల పనులు తెలిసినవాళ్లు కలిసి ఏదైనా చేయాలని ఒక బృందం కట్టారు, అందులోకి నన్నూ పిలిచారు. వాతావరణ పరిశోధకుడు ఒకరు, ఆర్కిటెక్ట్ మేడమ్ ఒకరు, ఎమర్జెన్సీ వార్డులో ఏళ్ల తరబడి పనిచేసిన నర్సు, నాట్యం నేర్పే ఆవిడ, శబ్దాలు రికార్డు చేసే కుర్రాడు, దర్జీ అక్క, తాపీ మేస్త్రీ అన్న, నేను. మొత్తం ఎనిమిది మందిమి. గడువు ఏడాది. చివరికి ఏం తయారుచేయాలో ఎవరూ ముందుగా చెప్పలేదు. అలా చెప్పకపోవడమే మాకు మేలు చేసింది.

మొదటి ఆరు వారాలు మాటలతోనే గడిచాయి. అందరం "వేడి" అనే ఒకే మాట వాడేవాళ్లం, అయినా ఎవరి మాటా ఇంకొకరికి ఆనేది కాదు. పరిశోధకుడికి వేడి అంటే నీడలో, నేల నుంచి మనిషి ఎత్తున కొలిచిన గాలి ఉష్ణోగ్రత. ఆర్కిటెక్ట్ మేడమ్‌కి గోడ, పైకప్పు ఎంత కాలాయన్నది. నర్సుకి మనిషి ఒంటి లోపలి ఉష్ణోగ్రత. అది మామూలుగా 37 డిగ్రీల దగ్గర ఉంటుంది. 40 దాటి, మనిషి తడబడుతూ పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది వడదెబ్బ, ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకూడదని ఆమె ప్రతి సమావేశంలోనూ చెప్పేది. "ముందు చల్లబరచండి, ఆ తర్వాతే తీసుకెళ్లండి" అన్నది ఆమె నోట ఎన్నిసార్లు విన్నానో. మేస్త్రీ అన్నకి వేడి అంటే ఇనుప చువ్వ చేతికి చురుక్కుమనే గంట. ఒకే బల్ల చుట్టూ కూర్చుని నాలుగు వేర్వేరు సంగతులు మాట్లాడుకుంటున్నామని మాకెవరికీ తట్టలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. పరిశోధకుడికీ, ఆర్కిటెక్ట్ మేడమ్‌కీ, నాకూ సమావేశానికి ఇంతని డబ్బు వచ్చేది. దర్జీ అక్కకీ మేస్త్రీ అన్నకీ రాదు. కాగితాల్లో వాళ్ల పేర్ల పక్కన "స్థానిక సహకారం" అని ఉంది. వాళ్లు సమావేశానికి వస్తే ఆ పూట కూలి పోతుంది. ఇది బయటపెట్టింది నర్సు. మూడో వారంలో లేచి నిలబడి, "వీళ్లకు ఇచ్చేదాకా నేనూ తీసుకోను" అంది. డబ్బు ఇచ్చేవాళ్లు ఒప్పుకోవడానికి నెల పట్టింది. ఆ నెలంతా నాకు మనసులో బాధగానే ఉండేది, ఎందుకంటే ముందే అడగాల్సినవాళ్లలో నేనూ ఉన్నాను. రకరకాల పనులవాళ్లు కలిసి చేసే ఇలాంటి ప్రయత్నం ఎవరైనా మొదలుపెడుతుంటే, ఎవరి సమయానికి డబ్బు, ఎవరి సమయానికి థాంక్స్ అన్నది మొదటి రోజే తేల్చుకోండి. అది తేలే వరకు మా మేస్త్రీ అన్న నోరు విప్పి మాట్లాడనే లేదు.

మళ్లీ రేకుల ఇంటికి వస్తాను. మిట్టమధ్యాహ్నం నలుగురం వెళ్లాం. పరిశోధకుడి చేతిలో ఇన్‌ఫ్రారెడ్ గన్ ఉంది, గురిపెట్టి మీట నొక్కితే ఆ చోటు ఎంత కాలిందో చూపిస్తుంది. నిచ్చెన వేసుకుని పైకెక్కి రేకుకు గురిపెడితే 34 అని చూపించింది. పక్కనున్న మట్టి నేల మీద 50 దాటింది. "చూశారా, మ్యాప్ చెప్పిందీ ఇదే" అన్నాడాయన, కానీ గొంతులో నమ్మకం లేదు. అప్పటికే రేకు మీద ఆనించిన ఆయన మోచెయ్యి ఎర్రగా కందిపోయింది. ఆయన కాసేపు ఆలోచించి, సంచిలోంచి కరెంటు వైర్లకు చుట్టే నల్ల టేపు తీసి, రేకు మీద అరచేయంత అతికించాడు. ఐదు నిమిషాలు ఆగి ఆ టేపుకు గురిపెట్టాడు. 62.

మెరిసే లోహం తన వేడిని కిరణాల రూపంలో సరిగా బయటికి వదలదు, ఎదురుగా ఉన్నదాన్ని అద్దంలా చూపిస్తుంది. రేకుకు ఎదురుగా ఉన్నది ఆకాశం. అంటే ఆ గన్ చాలావరకు కొలిచింది పైనున్న ఆకాశపు చల్లదనాన్ని. నల్ల టేపు అలా కాదు, ఎంత వేడెక్కితే అంతా చూపిస్తుంది. మా మ్యాప్‌కి ఆధారం లాండ్‌శాట్ 8 ఉపగ్రహం తీసిన చిత్రాలు. ఆకాశం నుంచి చూసే ఆ కన్నూ రేకుల దగ్గర ఇలాగే మోసపోతుంది. పైగా ఆ ఉపగ్రహం ఒక చోటి మీదుగా 16 రోజులకోసారి, పొద్దున పది గంటలప్పుడు వెళ్తుంది. వేడిని అది చూసేది వంద మీటర్ల గళ్లలో. ఒక గడిలో సందులకు సందులే ఇమిడిపోతాయి. రాత్రి పదింటికి ఒక గదిలో మనిషి ఎలా ఉన్నాడో దానికి తెలిసే దారి లేదు. నగరం మొత్తాన్ని ఒక్క చూపులో చూపించడానికి అలాంటి చిత్రాలు ఎంతో అవసరం, నేను కాదనను. కానీ మేము దాన్ని ఇంటి గుమ్మం దాకా లాగాం. తప్పు అక్కడ జరిగింది.

కింద అక్క మాకు నీళ్లిచ్చి, మిషన్ దగ్గర కూర్చోబెట్టింది. ఆ గదిలో గాలి 39 డిగ్రీలుంది. నీడే. కానీ నెత్తి మీద ఎవరో పెనం పట్టుకుని నిలబడ్డట్టుంది. పావుగంటలో నాకు తల దిమ్మెక్కింది. అక్క మాత్రం ఆ గంటలో మిషన్ తొక్కదట. "అప్పుడు కుట్టిన కుట్టు వంకరపోతుంది, మళ్లీ విప్పాలి. నాలుగు తర్వాత కూర్చుంటా. రాత్రయితే రేకు ఇట్టే చల్లారిపోతుంది, పదకొండు దాకా కుడతా" అంది. ఆ మాట నా పుస్తకంలో అలాగే రాసుకున్నాను.

ఆ వారమే నాట్యం నేర్పే ఆవిడ మా అందరినీ ఒక సాయంత్రం బయటికి రమ్మంది. పొద్దు గూకి గంట దాటింది. పడమటి ఎండ మొత్తం తిన్న ఒక పొడవాటి కాంక్రీటు గోడ పక్కన మమ్మల్ని వరసగా నిలబెట్టి, కళ్లకు గుడ్డలు కట్టింది. చేతులు చాచకుండా, గోడను తాకకుండా, అది ఎంత దగ్గరలో ఉందో బుగ్గతో చెప్పమంది. నేను రెండు అడుగులు వేశాను. ఎడమ బుగ్గ మీద ఒక సన్నటి వెచ్చదనం మొదలైంది. ఇంకో అడుగు వేస్తే చెవి తమ్మె దాకా పాకింది. వెనక్కి జరిగితే తగ్గింది. గాలి మాత్రం అప్పటికి చల్లబడింది, కుడి బుగ్గకు హాయిగానే ఉంది. ఒకే ముఖానికి ఒక వైపు ఒకలా, ఇంకో వైపు ఇంకోలా ఉంది. నా పక్కన నిలబడ్డ పరిశోధకుడు, "ఇరవై ఏళ్ల నుంచి దీని మీద లెక్కలు కడుతున్నాను, ఇలా ఎప్పుడూ నిలబడలేదు" అన్నాడు.

"ఇది వేడి కాదు సార్, సెగ" అన్నాను నేను. ఆలోచించి అన్న మాట కాదు, నోటికొచ్చింది.

ఆయన కళ్లకు కట్టిన గుడ్డ విప్పేసి, "ఇంకా ఏమేం ఉన్నాయి?" అని అడిగాడు. అక్కడే గోడ పక్కన, మెట్ల మీద కూర్చున్నాం. ఎండ, సెగ, ఉక్క, వడగాలి. మేస్త్రీ అన్న, అక్క, నర్సు తలా ఒక మాట అందించారు. ఎండ నెత్తి మీద పడుతుంది, నీడలోకి పోతే పోతుంది. సెగ కాలిన వస్తువు నుంచి కొడుతుంది, సూర్యుడు లేకపోయినా ఉంటుంది. ఉక్క అంటే గాలి ఆడదు, పట్టిన చెమట ఆరదు. వడగాలి ఒంట్లో తడి లాగేస్తుంది, పెదాలు పగులుతాయి. పరిశోధకుడు తన పుస్తకంలో నాలుగు గీతలు గీసి, ఒక్కో మాట ఎదురుగా తన శాస్త్రంలోని పేరు రాసుకుంటూ పోయాడు. సూర్యుడి నుంచి నేరుగా వచ్చే కిరణాలు, కాలిన గోడలూ నేలా వదిలే కిరణాలు, గాలిలో తేమ, కదిలే వేడిగాలి. మనిషికి ఎంత ఉడుకుతుందో లెక్కకట్టాలంటే వాళ్లకు కావలసినవి దాదాపు ఇవేనట. మన భాషలో ఇవి విడివిడిగా, ఎవరూ నేర్పకుండానే అందరి నోట్లో ఉన్నాయి. నాకు ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు.

తర్వాత ఆయనే ల్యూక్ హోవర్డ్ గురించి చెప్పాడు. లండన్‌లో మందులు తయారుచేసే వ్యాపారి. ఇప్పటికీ మనం వాడే మేఘాల పేర్లలో చాలావాటికి మూలం ఆయన పెట్టిన పేర్లే. ఆయనే 1810ల్లో ఏళ్ల తరబడి ఉష్ణోగ్రతలు రాసుకుని, నగరం లోపల రాత్రిళ్లు చుట్టుపక్కల పల్లెల కంటే వెచ్చగా ఉంటాయని పుస్తకంలో అచ్చు వేశాడు. రాత్రిపూట తేడా దాదాపు 3.7 ఫారన్‌హీట్ డిగ్రీలు. నగరం వేడిని మొదట పట్టుకున్న మనిషీ మేఘాలకు పేర్లు పెట్టిన మనిషీ ఒకరే కావడం నాకు ఎంతో నచ్చింది. పేరు పెట్టడమూ కొలవడమూ ఆయనకు రెండు వేర్వేరు పనులుగా అనిపించి ఉండవు.

ఇక కొలతల పని మొదలైంది. సెగను పట్టుకోవడానికి నల్ల గోళం కావాలి. అసలు పరికరంలో ఉండేది 15 సెంటీమీటర్ల రాగి గోళం, ఖరీదైనది. మేము టేబుల్ టెన్నిస్ బంతులు తీసుకున్నాం. ఒక్కోటి 40 మిల్లీమీటర్లు. నిగనిగలాడని నల్ల రంగు వేసి, చిన్న బెజ్జం పెట్టి, లోపల బంతి నడిమధ్యకు సెన్సర్ వచ్చేలా అమర్చి, మైనంతో మూశాం. రంగు వేసింది నేనే, ముప్పై బంతులకు. కుంచె గీత ఎక్కడా మందంగా పడకూడదు, మెరుపు అస్సలు రాకూడదు. ఒక పల్చటి పూత, ఆరాక ఇంకోటి. చిన్న బంతిని గాలి త్వరగా చల్లారుస్తుంది కాబట్టి గాలి వేగాన్ని బట్టి లెక్క సరిచేసుకోవాలి, ఆ పని పరిశోధకుడు చూసుకున్నాడు. పక్కనే ఒక మామూలు థర్మామీటరు, తడి గుడ్డ చుట్టిన ఇంకో థర్మామీటరు. తడి గుడ్డ మన చెమట పట్టిన చర్మం లాంటిది. గాలి పొడిగా ఉంటే నీరు ఆరి చల్లబడుతుంది, ఉక్కగా ఉంటే ఆరదు.

ఈ మూడింటినీ కలిపి ఒక అంకె చేసే పద్ధతి 1950ల్లో అమెరికా సైనిక శిక్షణ శిబిరాల్లో పుట్టింది. శిక్షణలో కుర్రాళ్లు కుప్పకూలిపోతుంటే వెతికిన దారి అది. ఆరుబయట ఎండలో అయితే తడి గుడ్డ అంకెకు పదింట ఏడు వంతులు, నల్ల గోళానికి రెండు వంతులు, మామూలు థర్మామీటరుకు ఒక్క వంతు. ఇది విన్నప్పుడు నేను చాలాసేపు ఆ కాగితం వైపే చూస్తూ ఉండిపోయాను. రోజూ వార్తల్లో మనం వినే ఉష్ణోగ్రతకు ఆ లెక్కలో ఉన్నది పదో వంతు. ఏడు వంతులు ఉక్కవే. "చెమట కారితే లాభం లేదు, ఆరాలి" అని నర్సు అనేది ఇందుకే. లీటరు చెమట పూర్తిగా ఆరితే ఒంట్లోంచి 580 కిలోకేలరీల దాకా వేడి పోతుంది. కారి నేల మీద పడితే నీళ్లూ ఉప్పూ పోతాయి, చల్లదనం రాదు.

కొలతలన్నీ కలిసి ఏ రూపంలో బయటికి రావాలన్న దాని మీద పెద్ద గొడవే జరిగింది. ఆర్కిటెక్ట్ మేడమ్ గ్రాఫులు అంది. నేను పోస్టర్లు అన్నాను. దర్జీ అక్క ఒకరోజు తన దగ్గర మిగిలిన గుడ్డముక్కలు సంచిలో వేసుకొచ్చి బల్ల మీద కుమ్మరించింది. "కళ్లతో చూసేదెందుకు, చేత్తో తడిమేది చేద్దాం" అంది. ఎండకు బిర్రుగా ఉండే పసుపు కాటన్. సెగకు మందపాటి కంబళి ముక్క. ఉక్కకు చేతికి అంటుకుపోయే వెల్వెట్. వడగాలికి పోగులు లేచిన గోనెగుడ్డ. వాటితో గుండ్రటి గడియారం కుట్టింది. ఇరవై నాలుగు గంటలకు ఇరవై నాలుగు చీలికలు. ఏ గంటలో ఏ వేడి ఎక్కువో ఆ గుడ్డ. ఇంటికొక గడియారం. ముందు ఇంట్లోవాళ్లు తమ గంటలు చెబుతారు, ఆ తర్వాతే మేము బంతుల లెక్క తీస్తాం, రెండూ పక్కపక్కన పెడతాం. ఈ వరస మారకూడదని పట్టుబట్టింది నాట్యం ఆవిడ. యంత్రం అంకె ముందు చూపిస్తే మనిషి తన ఒంటి మాట మార్చుకుంటాడని ఆమె భయం. అది నిజమే.

మొత్తం పద్నాలుగు ఇళ్లు. రేకుల ఇంటి గడియారంలో పొద్దున పదకొండు నుంచి నాలుగు దాకా కంబళి, ఆ తర్వాత దాదాపు ఖాళీ. మేస్త్రీ అన్న ఉండేది కాంక్రీటు స్లాబు కింద, పై అంతస్తులో. ఆయన గడియారంలో మధ్యాహ్నం కాస్త నయం, సాయంత్రం ఆరు నుంచి రాత్రి ఒంటిగంట దాకా కంబళే. స్లాబు పగలంతా ఎండను మింగి, కొన్ని గంటల తర్వాత కింది గదిలోకి వదులుతుంది. "నేను పోసిన స్లాబే నన్ను నిద్రపోనివ్వదు" అన్నాడాయన. శబ్దాల కుర్రాడు ఆ వరసలో రాత్రంతా మైకు పెట్టి రికార్డు చేశాడు. ఫ్యాన్ల హోరు మధ్య పన్నెండున్నరకు తలుపులు తెరుచుకున్న చప్పుళ్లు, మెట్ల మీద చాపలు ఈడ్చిన చప్పుళ్లు, డాబా మీద బకెట్టుతో నీళ్లు చల్లిన చప్పుడు. మా బంతులు చెప్పిన గంటా ఆ చప్పుళ్ల గంటా ఒకటే. రెండు ఇళ్లూ దగ్గరదగ్గరే, ఒకరికి పగలు గండం, ఇంకొకరికి రాత్రి. మ్యాప్‌లో రెండూ ఒకే గడిలో పడతాయి.

ఇక్కడి దాకా అంతా మా నమ్మకానికి తోడుగానే వచ్చింది. ఒంటికి తెలిసింది, యంత్రం చెప్పింది రెండూ కలిశాయి. పదకొండో ఇల్లు అలా లేదు.

అక్కడ ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటుంది. స్లాబు కింద గది, ఒకే కిటికీ, అదీ మూసే ఉంటుంది. గడియారంలో ఏ గంటకు ఏ గుడ్డ పెట్టాలని అడిగితే, "నాకేం వేడిగా లేదమ్మా, ఈ వయసులో చలే" అంది. భుజాల మీద పల్చటి దుప్పటి కూడా ఉంది. ఆమె చెప్పినట్టే ఖాళీ గడియారం కుట్టాం. బంతి లెక్క తీస్తే, వారం రోజులు వరసగా రాత్రి తొమ్మిదింటికి ఆ గదిలో సెగ అంకె 37 దాటింది. పద్నాలుగు ఇళ్లలో అదే ఎక్కువ. సెన్సర్ పాడయిందేమోనని పరిశోధకుడు ఇంకో బంతి పెట్టాడు. అదీ అంతే.

నర్సు ఆ ఖాళీ గుడ్డ చేతిలోకి తీసుకుని చాలాసేపు కూర్చుంది. వయసు పెరిగే కొద్దీ చెమట తగ్గుతుంది, చర్మానికి రక్తం తగినంత రాదు, దాహం వేయాల్సినప్పుడు వేయదు, వేడి తెలిసే గుణమే మొద్దుబారుతుంది. కొన్ని మందులు దీన్ని ఇంకా పెంచుతాయి. "నాకు వార్డులో ఎక్కువగా వచ్చింది ఇలాంటి ఇళ్ల నుంచే. చాలామందికి కాగితంలో గుండె ఆగిపోయిందని రాస్తారు" అంది. 1995 జులైలో షికాగోలో వడగాడ్పుల వల్ల 739 మంది చనిపోయారు. ఎరిక్ క్లినెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త ఆ మరణాల వెంట పడి వెతికితే, చాలామంది ఒంటరిగా, తలుపులు వేసుకున్న గదుల్లో పోయారని తేలింది. పక్కపక్కనే ఉన్న రెండు పేద వాడల్లో, వీధిలో జనం తిరిగే వాడలో చావులు చాలా తక్కువ. 2003లో యూరప్‌లో ఆ ఒక్క వేసవి 70,000 మందికి పైగా ప్రాణాలు తీసింది, వాళ్లలోనూ ఎక్కువమంది వయసు మళ్లినవాళ్లే.

ఆ ఖాళీ గడియారం నన్ను చాలా కలవరపెట్టింది. అప్పటిదాకా నేను ఒంటి మాట వైపు నిలబడ్డాను. జనం మాటల్లోనే అంతా ఉంది, యంత్రం వాటిని వినాలి, అంతే అనుకున్నాను. ఎవరికి ప్రమాదం ఎక్కువో వాళ్ల ఒళ్లే ఆ మాట చెప్పడం మానేస్తుందని తెలిశాక, పరిశోధకుడితో నేను పడ్డ వాదనల్లో సగం వెనక్కి తీసుకున్నాను. ఆయనా అంతే. రేకుల దగ్గర యంత్రాన్ని సరిచేసింది మనిషి ఒళ్లు. ఈ గదిలో మనిషి ఒంటిని సరిచేయాల్సింది యంత్రం. ఆ తర్వాత మా సమావేశాల్లో గొంతులు పెంచి మాట్లాడటం తగ్గింది.

ఇళ్లకు చేసిన మార్పుల గురించి క్లుప్తంగానే చెబుతాను. మేస్త్రీ అన్న రెండు స్లాబుల మీద తెల్ల పూత వేశాడు, కింది గదిలో కప్పు లోపలి వైపు నాలుగు డిగ్రీల దాకా తగ్గింది. ఎదురు మేడవాళ్లు కళ్లు జిగేలుమంటున్నాయని గొడవపెట్టారు, వాళ్ల మాటా నిజమే. దుమ్ము పేరుకుంటే ఆ లాభం తగ్గుతుంది, కడుగుతూ ఉండాలి. నేల మీద తెల్ల పూత వేయకూడదని ఆర్కిటెక్ట్ మేడమే ఆపింది. నేల చల్లబడినా, మధ్యాహ్నం అక్కడ నడిచే మనిషి మీదకే ఆ ఎండ తిరిగి కొడుతుంది, లాస్ ఏంజెలెస్‌లో రోడ్లకు అలా పూసినచోట కొలిచి చూశారు. రేకుల ఇంటికి పూత కన్నా, రేకుకు జానెడు కింద అక్క కుట్టిన గుడ్డ కప్పు, మధ్యలో గాలి ఆడే సందు బాగా పనిచేశాయి. నెత్తి మీద సెగ ఆగింది. ఫ్యాన్ గురించి నర్సు అందరికీ ఒకటే చెప్పింది. గాలి 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ ఒంటి మీదకు వేడినే తోస్తుంది, అప్పుడు తడి గుడ్డ కావాలి, వేరే చోటికి పోవాలి.

ఏడాది చివర గడియారాలను ప్రదర్శనకు పెట్టారు. పెద్ద హాలు, చల్లటి ఏసీ. వచ్చినవాళ్లు కంబళి ముక్కను తడిమి, "మెత్తగా ఉంది" అనుకుంటూ వెళ్లిపోయారు. ఆ చల్లదనంలో ఆ గుడ్డలకు అర్థమే లేకుండా పోయింది. నాట్యం ఆవిడ రెండో రోజే నిర్వాహకులతో మాట్లాడి, గడియారాలన్నీ బయటి మెట్ల పక్కన, పడమటి గోడకు మార్పించింది, అదీ సాయంత్రం మాత్రమే. జనం తగ్గారు. కానీ వచ్చినవాళ్లు ఆ గోడ ముందు నిలబడి, బుగ్గ అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ, వాళ్ల వాళ్ల ఇళ్ల గంటలు చెప్పడం మొదలుపెట్టారు. ఒకాయన తన కూతురు చదువుకునే గదిలో సెగ ఏ గంటకు దిగుతుందో లెక్కపెట్టుకుంటూ అక్కడే కూర్చున్నాడు. నేను అక్కడికక్కడే కాగితం మీద ఆయన గడియారం గీసిచ్చాను.

పెద్దావిడ గదికి మాత్రం వేరే గడియారం కుట్టాం. అందులో ఆమెకు ఏమనిపిస్తుందో లేదు, బంతి ఏం చెబుతుందో ఉంది. తలుపు పక్కన నల్ల బంతి, దాని కింద చిన్న తెర మీద పెద్ద అంకె. ఆమెకు కనబడాలని ఆ అంకె ఎత్తు నా బొటనవేలంత పెట్టించాను. గుడ్డకు దర్జీ అక్క ఒక జేబు కుట్టింది, అందులో కింది అంతస్తులోని ముగ్గురి ఫోన్ నంబర్లు. 34 దాటితే కిందికి రావాలి, ఆమె రాకపోతే ఎవరో ఒకరు పైకి వెళ్లాలి, అదీ ఒప్పందం. మొదట్లో ఆమె ఒప్పుకోలేదు. "నాకు తెలియదా నా ఒళ్లు" అంది. నర్సు రోజూ వెళ్లి పక్కన కూర్చుని, ఆమె నాడి పట్టి, అంకె చూపించి, మెల్లగా నచ్చజెప్పింది. మూడు వారాలు పట్టింది.

మొన్న ఒక రాత్రి నేను బంతి రంగు పెచ్చులూడిందేమో చూద్దామని వెళ్లాను. మెట్ల మొదట్లో ఉండగానే పైనుంచి ఆమె గొంతు వినిపించింది, కింది ఇంటి అమ్మాయిని పిలుస్తోంది. "అమ్మాయ్, నాకేం అనిపించట్లేదు గానీ, ఇది ముప్పై ఐదు అంటోంది. వస్తున్నా, చాప పరువు." నేను గోడ వైపు జరిగి దారిచ్చాను. ఆమె దుప్పటి చంకన పెట్టుకుని, మెట్ల కమ్మీ పట్టుకుంటూ ఒక్కో మెట్టూ దిగింది.